నల్ల జంటకు ఖాకీ పిల్ల: ముమ్మిడివరం దగ్గర ఒక చిట్టి బాతుల కేసు

2025 జనవరి, సంక్రాంతికి నాలుగు రోజుల ముందు. ఆ వారంలో కోనసీమలో ఏ పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లినా పుంజులే కనిపిస్తాయి. ఆ వరసలో ఒక రొయ్యల చెరువు రైతు ఈతగంప ఒళ్లో పెట్టుకుని ఓపిగ్గా కూర్చున్నారు. గంపలో పుంజు లేదు. రెండు రోజుల బాతుపిల్ల ఒకటి, తడిసిన గోనెపట్టా రంగులో, ముక్కు పైకెత్తి అరుస్తోంది.

"డాక్టరమ్మగారూ, కాకిపిల్ల కాకికి ముద్దంటారు. మా నల్లబాతుకి ఇది ముద్దుగానే ఉందండి. నాకే ముద్దు రావట్లేదు" అన్నారాయన.

విషయం ఇది. ముందు అక్టోబరులో ఆయన నగరంలో ఒక వ్యాపారి దగ్గర మూడు జతల చిట్టి బాతులు కొన్నారు. మూడింటినీ 'కాల్ డక్స్' అనే చెప్పి అమ్మారు. ఒకటి గ్రే, ఒకటి బ్లాక్, ఒకటి సిల్వర్. మూడు జతలకు 27 వేలు. డిసెంబరులో నల్లజత గుడ్లు ఇంక్యుబేటరులో పెడితే 11 పిల్లలు దిగాయి. అందులో నలుపు ఏడు. ముదురు గోధుమ రంగువి రెండు. కంటి మీద చారతో, వీపు మీద పసుపు చుక్కలతో మామూలు నాటు బాతుపిల్లలా ఒకటి. పదకొండోది గంపలో ఉన్న ఈ ఖాకీది. చెరువు గట్టుకు అవతలే కోసిన చేలల్లో బాతుల మంద మేస్తోంది. అందులో మగబాతు ఏదో వచ్చి తన జత పాడు చేసిందా, వ్యాపారి తనను మోసం చేశాడా, ఈ రెండింట్లో ఏదో తేల్చమని ఆయన అడిగారు.

రెండు ప్రశ్నలకూ నాకు అప్పుడే జవాబు తెలుసనుకున్నాను. అందులో ఒకటి తప్పని తర్వాత తేలింది.

తక్కెడ ముందు, రంగు తర్వాత

పండగ వెళ్లాక వాళ్ల చెరువు దగ్గరికి వెళ్లాను. రంగు సంగతి ఎత్తకుండా ముందు ఆరింటినీ తూకం వేశాను. బాతు పేరు అడిగితే అందరూ రంగు చూసి చెప్తారు. తూకం, ముక్కు, గొంతు ఈ మూడూ చూశాక రంగు దగ్గరికి వెళ్తే సగం గొడవ తగ్గుతుంది.

గ్రే మగబాతు 620 గ్రాములు, ఆడది 540. పొట్టి ముక్కు, గుండ్రటి తల, ఉబ్బిన బుగ్గలు, పొట్టి ఒళ్లు. ఆడది నోరు తెరిచిందంటే చెరువు అవతలి గట్టు దాకా వినపడుతుంది. కాల్ బాతు అంటే ఇదే. బ్రిటిష్ ప్రమాణం ప్రకారం మగది 570 నుంచి 680 గ్రాములు, ఆడది 450 నుంచి 570 గ్రాములు ఉండాలి. హాలండులో అడవి బాతులను వలలోకి పిలవడానికి ఎరగా వీటిని కట్టేసి అరిపించేవారు. పేరులోని 'కాల్' అదే. గొంతు అంత పెద్దగా ఉండటం లోపం కాదు, దాని ఉద్యోగమే అది. ఇరుగుపొరుగు వాళ్లు ఒప్పుకోరనుకోండి, అది వేరే సంగతి.

నల్ల జతలో మగది 1,310, ఆడది 1,180. ముక్కు పొడవు, ఒళ్లు పొడవు, గొంతు మామూలు. ఇవి కాల్ బాతులు కావు. ఇంత నల్లగా, పచ్చటి మెరుపుతో ఉండే చిట్టి జాతి ఇంకొకటి ఉంది, ఈస్ట్ ఇండీ. కానీ దాని మగది 900 గ్రాముల దగ్గర, ఆడది 700 నుంచి 800 మధ్య ఉండాలి. ఇవి అంతకంటే నాలుగు వందల గ్రాములు ఎక్కువ. ఆ తేడాను అప్పుడు నోటుబుక్కులో రాసుకున్నాను గానీ దాని మీద మనసు పెట్టలేదు. పెట్టి ఉంటే రెండు నెలలు ముందే తేలిపోయేది.

పేరు చూసి ఈస్ట్ ఇండీ మనదే అనుకుంటారు. మన దేశానికీ దానికీ సంబంధం లేదు. అమెరికా, ఇంగ్లండుల్లో తయారైన జాతి అది. అమెరికన్ పౌల్ట్రీ అసోసియేషన్ 1874లో వేసిన మొదటి ప్రమాణాల పుస్తకంలో గ్రే, తెల్ల కాల్ బాతులతో పాటు ఇదీ ఉంది. ఇండియన్ రన్నరూ అంతే, ఆగ్నేయాసియా దీవుల నుంచి వచ్చిన బాతుకు మన పేరు తగిలించారు. బాతుల పేర్లలో ఊరు పేరు కనిపిస్తే నేను ముందు అనుమానిస్తాను.

సిల్వర్ జత మగది 1,340, ఆడది 1,150. ఇవీ కాల్ కావు. ఈ జత కథ వేరు, తర్వాత చెప్తాను.

అంటే మూడు జతల్లో కాల్ బాతులు ఒక్క జతే. మిగతా రెండూ ఆ పేరు మీద అమ్ముడుపోయినవి. వ్యాపారి గురించిన ప్రశ్నకు జవాబు తక్కెడ మీదే దొరికింది. మంద మగబాతు సంగతే మిగిలింది.

నలుపు ఒక తెర

మస్కోవీ ఒక్కటి తప్పిస్తే పెంపుడు బాతులన్నీ మల్లార్డ్ అనే అడవి బాతు సంతానమే. కాబట్టి ప్రతి పెంపుడు బాతులోనూ అడుగున మల్లార్డ్ డిజైన్ ఏదో ఒక రూపంలో ఉంటుంది. ఆ డిజైను మూడు రకాలు. ఒకటి అసలు మల్లార్డ్. పెద్దయిన మగదానికి పచ్చటి తల, తెల్ల మెడపట్టీ, ముదురు ఎరుపు రొమ్ము ఉంటాయి. పిల్లకు కంటి చారలు, వీపు మీద పసుపు మచ్చలు. రెండోది డస్కీ. ఇందులో మగదానికి మెడపట్టీ ఉండదు, ఎర్ర రొమ్ము ఉండదు. పిల్ల ముఖం మీద చారలు లేకుండా ఒకే రంగులో మబ్బుగా పుడుతుంది. మూడోది రెస్ట్రిక్టెడ్ మల్లార్డ్. పిల్ల ఒళ్లంతా పసుపు, నల్లరంగు నెత్తి మీద టోపీలా, తోక దగ్గర మాత్రమే. పెద్దయ్యాక రెక్క ముందుభాగం తెల్లబడుతుంది. వీటిలో రెస్ట్రిక్టెడ్ అసలు దాన్ని అణిచేస్తుంది, అసలుది డస్కీని అణిచేస్తుంది.

ఇంతవరకు డిజైను. దీని మీద 'ఎక్స్‌టెండెడ్ బ్లాక్' అనే జన్యువు ఒక్కటి వచ్చినా చాలు, నల్లటి తెర దించినట్టు ఒళ్లంతా నలుపే. అది బహిర్గత లక్షణం. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి రెండూ ఉన్నా నలుపే, ఒక్కటే ఉన్నా నలుపే. ఒక్కటే ఉన్న పిల్లకు లేత వయసులో ఈకల అంచున గోధుమ రంగు తొంగిచూడొచ్చు. పెద్దయ్యాక పైకి చూసి విడదీయడం చాలా కష్టం. తెర వెనక ఏముందో తెలియాలంటే ఆ తెర లేని పిల్ల పుట్టాలి. రెండు నల్ల బాతులకు నలుపు కాని పిల్ల పుట్టిందంటే ఆ ఇద్దరి దగ్గరా తెర ఒక్కొక్కటే ఉందన్నమాట. నాలుగింట మూడు నల్లవి, ఒకటి తెర లేనిది రావాలి.

అసలైన ఈస్ట్ ఇండీ జత అలా చేయదు. రెండు తెరలూ ఉన్న పక్షికి ఏ జతను కట్టినా మొదటి తరం అంతా నలుపే. ఈ రైతు జత అది కాదని ఖాకీ పిల్ల పుట్టిన రోజే చెప్పొచ్చు. అయితే తండ్రి ఈ మగబాతేనా, మందలోదా?

ఇక్కడే నాకు గోధుమ పిల్లలు ఆసక్తిగా అనిపించాయి. నలుపును చాక్లెట్ రంగులోకి పలచబరిచే జన్యువు ఒకటి ఉంది. డస్కీ మీద అదే పడితే ఖాకీ రంగు వస్తుంది. ఖాకీ క్యాంప్‌బెల్ బాతు రంగు ఆ రెండింటి కలయికే. ఇది లింగంతో ముడిపడిన జన్యువు. పక్షుల్లో మనుషులకు తిరగబడి ఉంటుంది. మగదానికి రెండు జెడ్ క్రోమోజోములు, ఆడదానికి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. ఈ గోధుమ జన్యువు జెడ్ మీదే ఉంటుంది. ఆడపిల్లకు ఉన్న ఒకే ఒక్క జెడ్ తండ్రి నుంచి వస్తుంది. అంటే కూతురు గోధుమ రంగులో పుట్టిందంటే ఆ రంగు ఇచ్చింది తల్లి కాదు, తండ్రి. కొడుకు గోధుమగా పుట్టాలంటే ఇద్దరూ ఇవ్వాలి.

రైతు ఇంట్లో ఉన్న పిల్లలను తిరగేసి లింగం చూశాను. లేత పిల్లలకు గుదం దగ్గర చూస్తే తెలిసిపోతుంది, చెయ్యి అలవాటు పడాలి అంతే. గోధుమ రంగు పిల్లలు రెండూ ఆడవి. ఖాకీదీ ఆడదే.

నా మొదటి తప్పు

ఆ రోజు గట్టు మీదే చెప్పేశాను. "మంద మగబాతేనండి. మందల్లో ఖాకీ క్యాంప్‌బెల్ రక్తం దండిగా ఉంటుంది. ఖాకీ మగబాతు ఎక్కితే ఆడపిల్లలకు గోధుమ రంగు వస్తుంది."

చెప్పేటప్పుడు బాగానే ఉంది. ఇంటికి వెళ్లే దారిలో, ఎదుర్లంక వంతెన మీద ఉండగా లెక్క కుదరలేదని తట్టింది. ఖాకీ మగబాతుకు రెండు జెడ్‌ల మీదా గోధుమ జన్యువు ఉంటుంది. అది తండ్రి అయితే ఆడపిల్లలన్నీ గోధుమగానే పుట్టాలి. కానీ ఏడు నల్ల పిల్లల్లో ఆడవి కూడా ఉన్నాయి. కొన్ని గుడ్లకు మంద మగబాతు, కొన్నింటికి ఇంటి మగబాతు తండ్రులయ్యారని సర్దుకోవచ్చు. ఆడబాతు లోపల వీర్యం రోజుల తరబడి నిలవ ఉంటుంది కాబట్టి అలా జరగడం మామూలే. అయినా అది సర్దుబాటే గానీ రుజువు కాదు. మర్నాడు ఫోన్ చేసి, "నిన్న చెప్పింది పక్కన పెట్టండి, మళ్లీ గుడ్లు పెట్టిద్దాం" అన్నాను. "ఆయ్, మీరు కూడా మనుషులేనన్నమాట" అని నవ్వారు.

చేసింది పెద్ద పనేమీ కాదు. నల్ల జతను మూడు వారాల పాటు వల కట్టిన దొడ్లో ఉంచాం. విడదీశాక రెండు వారాల దాకా పాత మగబాతు వల్ల పొదిగే గుడ్లు రావచ్చు, అందుకని ఇంకో వారం కలుపుకున్నాను. ఆ మూడు వారాల గుడ్లు వంటింటికి. నాలుగో వారం నుంచి పెట్టే గుడ్లు మాత్రమే తేదీ వేసి దాచాలి. వలలో పెట్టడం రైతుకు మొదట ఇష్టం లేదు, బాతు అంటే నీళ్లలో తిరగాలంటారు. అంతలో ఫిబ్రవరి వచ్చింది. తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో కోళ్లకు బర్డ్ ఫ్లూ తేలింది. ఊళ్లలో కోళ్ల రాకపోకలు ఆగిపోయాయి. ఆయనే ఇంకో వరస వల తెచ్చి పైకప్పు కూడా కట్టేశారు. అడవి పక్షులు గానీ, మంద బాతులు గానీ ఆ దొడ్డి దగ్గరికి రాలేదని నేను గట్టిగా చెప్పగలగడానికి ఆ భయమే కారణం.

మార్చిలో 14 పిల్లలు దిగాయి. నలుపు ఏడు, చాక్లెట్ రెండు. తెర లేనివి ఐదు. ఆ ఐదింట్లో మామూలు చారల పిల్లలు మూడు, అదే చార పలచటి గోధుమలో ఉన్నది ఒకటి, చార లేని మబ్బు పిల్ల ఒకటి. రెండు విడతలూ కలిపితే 25. నల్ల తెర ఉన్నవి 18, లేనివి ఏడు. గోధుమ జన్యువు బయటపడినవి మొత్తం ఆరు, ఆరూ ఆడవే.

ఖాకీ మగబాతు వల దాటి రాలేదు. కాబట్టి గోధుమ జన్యువు ఇచ్చింది ఇంటి నల్ల మగబాతే. కానీ అది దాని ఒక్క జెడ్ మీదే ఉంది. అందుకే కూతుళ్లలో కొందరికే వచ్చింది. తెర కూడా ఒక్కటే ఉంది. అడుగున ఒకవైపు మల్లార్డ్, ఒకవైపు డస్కీ. ఇవన్నీ ఒకే పక్షిలో ఎలా చేరతాయి? సులువైన దారి ఒకటే. తండ్రి ఈస్ట్ ఇండీ, తల్లి ఖాకీ క్యాంప్‌బెల్. తల్లి తన ఒక్క గోధుమ జెడ్‌ను ప్రతి కొడుక్కీ ఇస్తుంది, డస్కీ కూడా ఇస్తుంది. తండ్రి నలుపు ఇస్తాడు. నల్ల ఆడబాతు వైపు నుంచి చూసినా లెక్క అదే. తండ్రి నుంచి మంచి జెడ్ వచ్చింది, తెర ఒక్కటే, అడుగున అదే రెండు డిజైన్లు. రెండూ ఒకే తల్లిదండ్రుల పిల్లలు కావచ్చు.

అప్పుడు తూకం గుర్తొచ్చింది. ఈస్ట్ ఇండీ మగది కిలో లోపు, ఖాకీ క్యాంప్‌బెల్ రెండు కిలోలకు దగ్గర. మధ్యలో 1,310. నోటుబుక్కులో జనవరిలోనే రాసి ఉంది.

రైతు ఆ వ్యాపారికి ఫోన్ చేసి మెత్తగా అడిగారు. గోదావరి వాళ్లు మెత్తగా అడిగితే తప్పించుకోవడం కష్టం. గుడ్ల కోసం పెంచిన ఖాకీ బాతులోంచే ఆ నల్ల పిల్లలు వచ్చాయని, రెండూ ఒకే పొదుగువని ఆయన ఒప్పుకున్నాడు. డబ్బు మాత్రం వెనక్కి ఇవ్వలేదు.

ఇక్కడ ఒక మాట. ఖాకీ క్యాంప్‌బెల్ కూడా పుట్టుకతో స్వచ్ఛమైందేమీ కాదు. ఇంగ్లండులోని యూలీ అనే ఊళ్లో అడెల్ క్యాంప్‌బెల్ అనే ఆవిడ ఇండియన్ రన్నర్, రూవాన్, మల్లార్డ్ కలిపి 19వ శతాబ్దం చివర్లో తయారు చేసింది. మంచి మందలో ఒక్కో బాతు ఏడాదికి 280 నుంచి 300 గుడ్లు పెడుతుంది. ఈ రైతు చాక్లెట్ ఆడబాతులు పెద్దయ్యాక నల్ల తల్లి కంటే ఎక్కువ గుడ్లు పెడుతున్నాయంటే ఆ ఖాకీ అమ్మమ్మ పుణ్యమే అనుకుంటాను.

వెండి అన్నవన్నీ ఒకటి కాదు

సిల్వర్ జత గొడవ పేరులోనే ఉంది. బాతుల్లో 'సిల్వర్' అనే మాటను మూడు వేర్వేరు రంగులకు వాడతారు. నల్లబాతులో నీలం జన్యువు ఒకటి కలిస్తే నీలిబూడిద రంగు వస్తుంది. రెండు కలిస్తే దాదాపు తెలుపు, అక్కడక్కడ బూడిద చుక్కలు, దాన్ని కొందరు సిల్వర్ అంటారు. నీలం జతను కొన్నవాళ్లకు నీలం పిల్లలు సగమే వస్తాయి, మిగతా సగంలో నల్లవి, సిల్వర్ సమానం. ఆ లెక్క తెలియక నన్ను తిట్టుకున్నవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు. ఇక సిల్వర్ ఆపిల్‌యార్డ్. దీని రంగు లైట్ ఫేజ్ అనే అంతర్గత జన్యువు (అంటే అమ్మ నుంచి, నాన్న నుంచి రెండూ వస్తేనే పైకి కనిపించేది), రెస్ట్రిక్టెడ్ మల్లార్డ్ కలిస్తే వస్తుంది. పెద్ద ఆపిల్‌యార్డ్‌ను 1930, 40ల్లో రెజినాల్డ్ ఆపిల్‌యార్డ్ తయారు చేశాడు. దాని చిట్టి రూపం తర్వాత టామ్ బార్ట్‌లెట్ చేసింది, బ్రిటన్‌లో 1997లో ప్రమాణంలోకి వచ్చింది. మగది 1.36 కిలోలు. మూడోది సిల్వర్ బాంటమ్. ఇదీ రెజినాల్డ్ ఆపిల్‌యార్డ్‌దే, ఖాకీ క్యాంప్‌బెల్‌ను తెల్ల కాల్ మగబాతుతో కలిపి చేశాడు. మగది 900 గ్రాములు. ఇందులో ఉన్నది హార్లెక్విన్ ఫేజ్ అనే ఇంకో అంతర్గత జన్యువు, అడుగున డస్కీ. ఒకే మనిషి చేతి నుంచి వచ్చిన రెండు 'సిల్వర్'లు, జన్యువుల్లో మాత్రం రెండూ ఒకటి కాదు. అమ్మేవాళ్లు కలిపేయడంలో ఆశ్చర్యం లేదు.

తూకం చిట్టి ఆపిల్‌యార్డ్ వైపు చూపింది. మళ్లీ తూకం మాటను పక్కన పెట్టడం ఇష్టం లేదు గానీ, ఈసారి సంకరం కాదని తేల్చుకోవాలి కదా. ఒకే ఒక్క జత కడితే మూడు దారులూ తేలిపోతాయి. గ్రే కాల్ బాతు రంగు మామూలు మల్లార్డే. దానితో కలిపినప్పుడు సిల్వర్ అన్నది రెండు నీలాల వల్ల వచ్చిందైతే పిల్లలన్నిటిలో నీలం కనిపించాలి. హార్లెక్విన్, డస్కీ అయితే అవి రెండూ అణిగిపోయి పిల్లలు మామూలు చారలతో పుట్టాలి. ఆపిల్‌యార్డ్ అయితే పసుపు ఒంటి మీద నల్లటోపీ పిల్లలు రావాలి.

రైతు సిల్వర్ మగబాతును గ్రే ఆడదాని దగ్గరికి వదలబోయారు. ఆపాను. 1,340 గ్రాముల మగది 540 గ్రాముల ఆడదాని మీద, అదీ నీళ్లలో ఎక్కితే నడుము పోతుంది, లేదా మునిగి చస్తుంది. అలాంటివి చూశాను. అందుకని తిప్పి కట్టాం, చిట్టి గ్రే మగబాతు, పెద్ద సిల్వర్ ఆడది. మగది రెండు రోజులు చుట్టూ తిరిగి తిరిగి మూడో రోజు ఎలాగో పని కానిచ్చింది.

తొమ్మిది గుడ్లకు ఏడు పిల్లలు. నాలుగు పసుపువి, నెత్తిన నల్లటోపీ, తోక నల్లన. మూడు మామూలు చారలవి. ఏ పిల్లలోనూ నీలం ఛాయ లేదు. అంటే ఆడబాతులో రెస్ట్రిక్టెడ్ ఉంది, కానీ ఒక్కటే. రెండూ ఉంటే ఏడూ టోపీతోనే పుట్టేవి. తర్వాత సిల్వర్ జతను కలిపి పొదిగిస్తే ఎనిమిదీ పాలిపోయిన రంగులోనే పుట్టాయి. కానీ వాటిలో ఒకదానికి టోపీ లేదు, చారే. కాబట్టి మగదాంట్లోనూ రెస్ట్రిక్టెడ్ ఒకటే. ఇది మంచి చిట్టి ఆపిల్‌యార్డ్ రక్తమే. ఏ తరంలోనో ఎవరో మామూలు మల్లార్డ్ రంగు బాతును కలిపారు. టోపీ ఉన్న పిల్లలనే దాచి, వాటిలో వాటికే పరీక్ష జతలు కడితే రెండు మూడు తరాల్లో సరిదిద్దవచ్చు. నల్ల జత సంగతి అలా కాదు.

గ్రే జత, గుడ్డులోనే పోయిన పిల్లలు

కాల్ బాతులని పేరు సరిగ్గా ఉన్న జత ఇదొక్కటే, పిల్లలు దిగనిదీ ఇదే. మొదటి విడత పది గుడ్లలో ఎనిమిది నిండుగా పెరిగి ఇరవై అయిదో రోజు దాకా కదిలాయి. రెండే బయటికొచ్చాయి. మిగతావి పగలగొట్టి చూస్తే నీళ్లలో నానినట్టున్న పిల్లలు.

రైతు ఫోన్‌లో చూసిన వీడియో ప్రకారం రోజూ గుడ్లపై నీళ్లు చిలకరిస్తున్నారు, ఇంక్యుబేటరులో నీళ్ల ట్రే నిండుగా ఉంచుతున్నారు. ఆ వీడియో ఏ పొడి ఊళ్లోనో తీసి ఉంటారు. మన దగ్గర ఒకవైపు గౌతమి, ఒకవైపు రొయ్యల చెరువులు, పది మైళ్లలో సముద్రం. గాలిలోనే నీళ్లున్నాయి. పిల్ల ముక్కుతో లోపలి గాలిగదిలోకి పొడిచే సమయానికి గుడ్డు బరువులో 12 నుంచి 14 శాతం పోవాలి, ఆ గాలిగది పెద్దదైతేనే పిల్ల ఊపిరి తీసుకోగలదు. ఈయన గుడ్లు తూచాను. పెట్టినప్పుడు 42 గ్రాములున్నది ఇరవై మూడో రోజుకు 39.5 ఉంది. 36.5 ఉండాలి. రెండో విడతకు ఇరవై మూడు రోజుల దాకా ట్రే ఎండబెట్టించాను, చిలకరింపు మాన్పించాను. సగం గుడ్లు నాటుకోడి కింద పెట్టించాను. మన ఊళ్లలో బాతుగుడ్లు కోడి కింద పెట్టడం ఎప్పటి నుంచో ఉన్నదే, కోడికి తేమ శాతం లెక్క ఎవరూ నేర్పనక్కర్లేదు. ఈసారి తొమ్మిదింట ఆరు దిగాయి. కాల్ బాతుకు 26 రోజులు చాలు. పెద్ద బాతుల్లా 28 అనుకుని ఎదురుచూడకండి. ఆగిపోయిన మూడింట్లో రెండు మరీ పొట్టి ముక్కువి. ముక్కు ఎంత పొట్టిదైతే పెంకు పొడవడం అంత కష్టం. అందానికి ముక్కు ఇంకా పొట్టిగా కావాలని పొట్టిముక్కువాటినే జతకట్టేవాళ్లకు ఈ పిల్లలను చూపించాలనిపిస్తుంది.

పిల్లలకు కోడిపిల్లల మేతే పెడుతున్నారు. బాతుపిల్లకు నియాసిన్ అనే విటమిన్ ఎక్కువ కావాలి, కిలో మేతకు 55 మిల్లీగ్రాములు. కాళ్లు వంకరబోతున్న ఒక పిల్లకు అది కలిపి ఇచ్చాక వారంలో లేచి నడిచింది. రంగుతో సంబంధం లేని సంగతే, అయినా ఈ కేసులో రైతుకు ఎక్కువ సంతోషం కలిగించింది ఇదే.

ఆగస్టులో ఇంకో ఫోన్. "డాక్టరమ్మగారూ, గ్రే మగబాతు ఆడబాతైపోయిందండి. వాడు దీన్ని కూడా మోసంగానే అమ్మాడా?" జతకట్టే కాలం అయ్యాక మల్లార్డ్ రంగు మగబాతు ఈకలు రాల్చి, కొన్నాళ్లు ఆడదాని రంగు వేసుకుంటుంది. ముక్కు రంగు చూడమన్నాను, గొంతు వినమన్నాను. మగదాని బొంగురు గొంతే. అక్టోబరుకు పచ్చతల మళ్లీ వచ్చేసింది.

ఇప్పుడు ఏం చేస్తున్నారు

నల్ల జతను ఆయన విడదీశారు. అన్నాచెల్లెళ్లను ఇంకో తరం కలపొద్దని నేనే చెప్పాను. మగబాతును అమ్మకుండా ఉంచుకున్నారు. దానికి తెల్ల ఆడబాతును జతకడితే "రంగు గొడవ పోతుంది కదా" అని అడిగారు. తెలుపు కూడా తెరే, అది అంతర్గత లక్షణం. రెండూ వస్తేనే తెలుపు. ఆ తెల్లబాతు అడుగున ఏముందో ఎవరికి తెలుసు, ఇప్పుడున్న చిక్కుకు ఇంకో ముడి వేస్తారు అన్నాను. ఆగారు. నాలుగు చాక్లెట్ ఆడబాతులు, ఖాకీది, ఇంటి గుడ్లకు. నల్ల పిల్లలను కొనడానికి వచ్చేవాళ్లకు 'ఈస్ట్ ఇండీ క్రాస్' అని చెప్పి, మూడో వంతు ధరకు ఇస్తున్నారు. కాగితం మీద తల్లిదండ్రుల తూకం, పుట్టిన విడత రాసి ఇవ్వమని సలహా ఇచ్చాను. మొదట నసిగారు గానీ, అమలాపురం నుంచి వచ్చిన ఒకాయన ఆ కాగితం చూసే కొన్నాక అలవాటు చేసుకున్నారు.

సిల్వర్ పిల్లల కాళ్లకు రంగు రింగులు వేశాం, టోపీవాటికి పసుపు, చారవాటికి ఎరుపు. పసుపు రింగు మగపిల్లలు మూడింటిని గ్రే జత కూతుళ్లతో పరీక్షకు కట్టాలి. మగవాటి బరువు ఇంకా కిలో దాటలేదు కాబట్టి ఈసారి కాస్త తొందరపడ్డా ఫర్వాలేదనుకుంటున్నాం. దాళ్వా కోతలయ్యి మంద బాతులు మళ్లీ చేలోకి దిగేలోపు ఆ గుడ్లు తీసేయాలి. వల చిరిగిన చోట కుట్టమని నిన్ననే చెప్పి వచ్చాను.